సిరా పెట్టని చోట వెలుగు

1762 అక్టోబరు చివర్లో, డెన్మార్క్ రాజు పంపిన పండితుల బృందం సూయజ్ నుంచి యాత్రికుల ఓడలో వచ్చి జెద్దాలో దిగింది. అందులో ప్రకృతి శాస్త్రవేత్త పీటర్ ఫోర్స్కాల్. ఎర్రసముద్రపు చేపల్ని అక్కడివాళ్లు ఏ పేర్లతో పిలుస్తారో ఆయన అడిగి రాసుకున్నాడు. ఆ అరబ్బీ పేర్లు చాలావరకు శాస్త్రంలోకీ ఎక్కాయి. ఒక చిలుక చేప ఇవాళ్టికీ అక్కడ హరీదే, శాస్త్రంలోనూ హరీదే. (మన విశాఖ చేపలూ పాట్రిక్ రస్సెల్ 1803 నాటి పుస్తకంలోకి తెలుగు పేర్లతోనే వెళ్లాయి.) ఫోర్స్కాల్ వెంట బొమ్మలు వేయడానికి వచ్చినవాడు గియోర్గ్ విల్హెల్మ్ బౌరెన్‌ఫైండ్. నా మనసు దోచుకున్నది ఈయన పనితనం.

నీళ్లలోంచి తీసిన చేప రంగు చూస్తుండగానే వెలిసిపోతుంది. అందుకని ఫోర్స్కాల్ చేప ఒక పక్క తోలు ఒలిచి, ఆరబెట్టి, మొక్కల్ని భద్రపరిచినట్టే కాగితానికి అతికించేవాడు. అలాంటివి వందకు కాస్త తక్కువగా కోపెన్‌హేగన్‌లో ఇప్పటికీ ఉన్నాయి. ఆకారం నిలిచింది, మెరుపు పోయింది. జెల్లీ చేపకు, సాల్ప్ అనే మెత్తటి పారదర్శక సముద్రజీవికి ఆ ఉపాయమూ లేదు. గట్టున పెడితే ముద్దయిపోతాయి. నీళ్లలో ఉండగానే చూసి గీయాలి. పైగా వాటి ఒంట్లోంచి వెలుగు అటునుంచి ఇటు వచ్చేస్తుంది. కనబడీ కనబడని దాన్ని నల్ల సిరాతో చూపించడమెలా?

ఎర్రసముద్రం చేరకముందు, మధ్యధరా ప్రయాణంలోనే బౌరెన్‌ఫైండ్ ఈ చిక్కుకు దారి వెతికాడు. సాల్ప్ బొమ్మ చూడండి. ఒంటి అంచుకు సన్నని గీత. లోపల కండరాల పట్టీలు, పేగుముద్ద మాత్రం చిక్కగా. మిగతాదంతా కాగితపు తెలుపే. లోపలి అవయవం చిక్కగా ఉండబట్టి, దాని ముందున్న ఖాళీ పారదర్శకమైన ఒళ్లని కంటికి తెలిసిపోతుంది. స్వయంగా రాగిరేకు చెక్కడం నేర్చినవాడు కనుక, ఏ గీత అచ్చులో నిలుస్తుందో ఆయనకు తెలుసు.

నీటిని మాత్రం ఆయన గీయలేదు. అదే సరైన నిర్ణయమని నా అభిప్రాయం. సముద్రంలో కొద్ది మీటర్లు దిగేసరికే ఎరుపు కరిగిపోతుంది, ఇంకా లోతుకు వెళ్తే నీలమే మిగులుతుంది. తర్వాతి కాలంలో ఎడ్వర్డ్ రూపెల్ అచ్చువేసిన ఎర్రసముద్రపు చేపల రంగుల పటాలు అందమైనవే, కానీ ఆ రంగులు పగటి ఎండలో కనిపించేవి. 1860లలో రాన్సోనే అనే చిత్రకారుడు సింహళ తీరాన గంట ఆకారపు పెట్టెలో కూర్చుని నీటి అడుగుకు దిగి గీసేదాకా, లోపలి వెలుగును అక్కడే చూసి చిత్రించినవారు లేరు. చూడనిదాన్ని బౌరెన్‌ఫైండ్ కల్పించలేదు.

1763 జులైలో ఫోర్స్కాల్ యెమెన్‌లో చనిపోయాడు. కొద్ది వారాలకే బొంబాయి వెళ్లే ఓడలో బౌరెన్‌ఫైండూ పోయాడు. ప్రాణాలతో తిరిగి వచ్చిన ఒకే ఒక్కడు కార్స్టెన్ నీబూర్. ఆయనే 1776లో ఆ బొమ్మల్ని 43 పటాలుగా అచ్చువేయించాడు. వాటి డిజిటల్ ప్రతులు ఇప్పుడు ఉచితంగా దొరుకుతాయి. బొమ్మలు నేర్చుకునే పిల్లలు ఇంట్లో ఉంటే, రంగుల పెట్టె తెరవకముందే సాల్ప్ పటాన్ని ఒకసారి చూపించండి.