ఒంటెజాడ - పరదేశి పరిశోధకుఁడు

నేరము జరిగినచోట మిగిలిన జాడలనుబట్టి నిజముఁ గనుఁగొను కథలకు మూల మరయువారు తఱచుగా 1841లో ఎడ్గార్ ఆలన్ పో ప్రకటించిన కథయొద్ద నిలిచిపోవుదురు. అంతకుఁ జాల ముందే, 1557లో, వెనీసునగరమున సెరెండిప్పు రాజకుమారుల కథ ఇటాలియను భాషలో నచ్చయినది. సెరెండిప్పనఁగా సింహళము. అందలి యొంటెకథకుఁ దమిళమున నలకేశ్వరకథలో నొక పాఠాంతరము గలదు. చిత్తూరుసీమ తెలుఁగుఁదమిళముల పొలిమేర గావున నిచ్చటి విమర్శకులీ రెంటిని బోల్చి చూచుట యుచితము. అదియుఁ గాక, పరదేశమునకుఁ బోయిన పరిశోధకుని యూహ యెంతవఱకు నమ్మఁదగునన్న ప్రశ్న తిరుపతి కొండలకును సంబంధించినదే.

తమిళపాఠమున, దారిఁబోవు నలువురకు నొంటెను బోఁగొట్టుకొనిన వర్తకుఁ డెదురుపడును. ఒంటె కుంటిదనియు, కుడికంట గ్రుడ్డిదనియు, తోఁక పొట్టిదనియు, కడుపునొప్పి గలదనియు వారొక్కొక్కరుగాఁ జెప్పుదురు. మూఁడు కాళ్లజాడయే కానవచ్చుట, ఎడమవైపు ఆకులే మేసియుండుట, దోమలు కుట్టఁగా నెత్తుటిచుక్కలు రాలియుండుట, ముంగాళ్లజాడ లోఁతుగను వెనుకకాళ్లజాడ తేలికగను నుండుట వారి హేతువులు. సెరెండిప్పు పాఠమున జాడలు చదువువారు పరరాజ్యమునకు వచ్చిన రాజకుమారులు. చూడని యొంటె గుఱుతులు చెప్పినందున వారే దొంగలని చెఱఁబెట్టఁబడుదురు. ఒంటె దొరకిన పిమ్మటఁగాని విడుదల లేదు. తరువాత నా రాజే వారిని గౌరవించి చెంత నిలుపుకొనును.

ఈ రెంటిలో నేది మేలు? కార్యమును జూచి కారణము నూహించుట శేషవదనుమానము. ఏరు పొంగుట చూచి యెగువ వాన కురిసెననుట దీనికిఁ బ్రసిద్ధమైన యుదాహరణము. అడ్డుకట్టచేతను నీరు పొంగవచ్చును గదా యని న్యాయసూత్రములలోనే యాక్షేపము గలదు. అది యనుమానదోషము గాదు, హేతువును సరిగాఁ బరీక్షింపనివాని దోషమని యచటనే సమాధానము. స్వర్ణముఖి నిండి పాఱుట చూచిన క్రొత్తవాఁడు చంద్రగిరి కొండలలో వాన కురిసెనని యప్పుడే నిశ్చయింపరాదు. కల్యాణి జలాశయమునుండి నీరు విడిచిరా యని యూరివారి నడుగవలయును. ఈ పరీక్షకు సెరెండిప్పు పాఠమే నిలుచును. అందు మేయఁబడినది పలుచని గడ్డి గల వైపు, విడువఁబడినది మంచి గడ్డి గల వైపు. కనుక రుచిభేదమను కారణాంతరమునకుఁ జోటు లేదు. తమిళపాఠమున నీ జాగ్రత్త కానరాదు.

జాడ నిజమై నిర్ణయ మబద్ధమగుటకు మృచ్ఛకటికము నిదర్శనము. నవమాంకమున నధికరణికుని యాజ్ఞచే వీరకుఁడు పుష్పకరండకోద్యానమునకుఁ బోయి, మృగములు పీకుచున్న స్త్రీకళేబరముఁ జూచితినని చెప్పును. అతఁడు చెప్పినది నిజమే. కాని చెట్టు కూలి యొక స్త్రీ చచ్చినట్లు అష్టమాంకముననే విటుఁడు చెప్పియున్నాఁడు. వసంతసేన బ్రదికియే యున్నది. స్త్రీ యొకతె చచ్చెననుటకుఁ జాలిన సాక్ష్యము వసంతసేన చచ్చెననుటకుఁ జాలదు. విదూషకునియొద్దనుండి నగలు జాఱిపడుటతో నీ భేదము మఱుగుపడి, నిరపరాధియైన చారుదత్తుఁడు వధ్యస్థానమునకు నడువవలసివచ్చెను. తన యింటికిఁ గన్నము వేసినవాఁడు పరదేశియో, క్రొత్తగా నభ్యసించువాఁడో యని తృతీయాంకమున నాతఁడే తలఁచెను. వాస్తవమున శర్విలకుఁ డా విద్యలో నారితేఱినవాఁడు. పరదేశిపై ననుమానము త్వరగాఁ బోవుట సెరెండిప్పు కథలోనే కాదు, ఉజ్జయినిలోను గలదు.

లోకవ్యవహారమున నీ విద్య దేశములు దాఁటిన చరిత్ర వేఱు. వ్రేలిముద్రల కార్యాలయము 1897లోఁ గలకత్తాలో నేర్పడెను. అజీజుల్ హక్, హేమచంద్ర బోసులు వర్గీకరణమునకుఁ దోడ్పడిరి. వారి యధికారియైన ఎడ్వర్డ్ హెన్రీ 1901లో నా పద్ధతిని లండనునగరపు స్కాట్లాండుయార్డున నెలకొల్పెను. పద్ధతి దేశాంతరమునకుఁ బోఁగలదు, స్థలజ్ఞానము పోఁజాలదు. శేషాచలపు టెఱ్ఱచందనమునే చూడుఁడు. 1995నుండి యది అంతర్జాతీయ వాణిజ్యపు టొడంబడికచే నియమబద్ధమైనది. విదేశపు రేవున దాని దుంగ కానవచ్చినంతనే దొంగసరకని తేల్చిన హేత్వాభాసమగును. ఆంధ్రప్రదేశ ప్రభుత్వమే తాను స్వాధీనపఱచుకొనిన దుంగలను 2014లో వేలమున నమ్మియున్నది. ఆ భేద మేర్పఱుచుటకుఁ దిరుపతి పరిశోధకుఁడు రేవువారికి నెంత కావలయునో, రేవున జరిగినది తెలియుటకు వారాతనికి నంత కావలయును.

సెరెండిప్పు కథాకారుఁడు జాడలు చదువువారి బుద్ధిని జక్కఁగా వర్ణించెను గాని వారి ప్రక్క నా దేశపువాని నొక్కని నిలుపఁడయ్యెను. అట్టివాఁ డుండిన, రాజకుమారులు చెఱసాలలో నొంటె దొరకువఱకు నెదురుచూడవలసిన పని యుండెడిది కాదు.