గళ్ళ నుడికట్టు: పూరణము, ఉపపాదనము

దినపత్రికలలో వెలువడు గూఢ పదప్రహేళికలను సాహిత్యవిమర్శకులు వినోదసామగ్రిగా నెంచి విడిచిపెట్టుట పరిపాటి. విశ్వనాథుడు సాహిత్యదర్పణమున ప్రహేళిక రసమునకు విరోధి గనుక అలంకారము కాదని త్రోసిపుచ్చెను. ఆ నిర్ణయము రసదృష్టితో చేసినది. దానితో మాకు వివాదము లేదు. కాని రసముతో పొత్తు లేనంత మాత్రమున దానికి అర్థవిచారముతోను పొత్తు లేదనుట పొసగదు. గళ్ళను నింపుట పూరణము. ఆ పదమే యేల కావలెనో నిరూపించుట ఉపపాదనము. ప్రహేళిక గుణదోషములు ఉపపాదనమునందే తేలునని మా మతము.

1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ ప్రకటించిన నుడికట్టునందు ఆధారములు చాలవరకు సూటియైనవి. గూఢాధారపద్ధతి ఇంగ్లండున వృద్ధిపొందినది. 1926 నుండి అబ్జర్వర్ పత్రికలో ఎడ్వర్డ్ పొవిస్ మేథర్స్ ‘టార్కెమాడా’ యను మారుపేరుతో దానిని మిక్కిలి కఠినము గావించెను. తరువాతివాడగు ‘జిమెనీజ్’, అనగా డి. ఎస్. మాక్‌నట్, 1966లో ప్రకటించిన గ్రంథమున దానికి న్యాయసూత్రములు కూర్చెను. ఆ సంప్రదాయసార మిది: ఆధారమున నిర్వచనభాగ మొకటి, పదనిర్మాణభాగ మొకటి యుండవలెను, మూడవది యుండరాదు. తెలుగున శ్రీశ్రీ ‘పదబంధ ప్రహేళిక’యు, ఆరుద్ర ‘గళ్ళ నుడికట్టు’ను ఈ క్రీడను పత్రికాపాఠకులకు అలవరచినవి.

ఈ న్యాయబుద్ధి మనకు క్రొత్తది కాదు. దండి కావ్యాదర్శ తృతీయపరిచ్ఛేదమున పదునారు ప్రహేళికాభేదములను చెప్పెను. పూర్వులు పదునాలుగు దుష్టప్రహేళికలను గూడ పఠించిరనియు, దోషములు లెక్కకు మిక్కిలి గనుక తాను సాధువులనే వివరింతుననియు, లక్షణము లేనివి దుష్టములనియు నాతడు పలికెను. అనగా మరుగుపరచుటకును మర్యాద కలదు. పదసంధిచే అర్థము గూఢమైనది ‘సమాగత’; ఒకచోట రూఢమైన శబ్దముచే మోసపుచ్చునది ‘వంచిత’. నేటి ఆధారములలో పెక్కింటికి ఈ పేర్లు చెల్లును.

ఉదాహరణమునకు మేము కూర్చిన ఆధార మొకటి: ‘స్వప్నమునకు దేవత యిచ్చునది తోడైనచో ఆందోళనమే (5)’. కల, వరము కలసి ‘కలవరము’. ఇచట నిర్వచనము ‘ఆందోళనము’. మిగిలినదంతయు నిర్మాణము. అయితే ఈ విభాగము కల్పితమే కాని వ్యుత్పత్తి కాదు. ఈ భేదమును పరిశోధకవిద్యార్థి మరువరాదు. ‘ఒంటిరాతి పట్టణము (4)’ అన్నప్పుడు వచ్చు ‘ఓరుగల్లు’ విషయము వేరు. అందు చూపబడునది ప్రసిద్ధమైన వ్యుత్పత్తియే. ‘ఏకశిలానగర’ మను సంస్కృతనామము దాని కనువాదము.

ఇక గడిలో నిమిడెడి ప్రమాణ మేది యను ప్రశ్న ముఖ్యమైనది. దండి సంఖ్యాతప్రహేళికలో నడుమ అనునాసికమును, చుట్టు నాలుగు వర్ణములును గల పురమును, ఎనిమిది వర్ణముల పేరుగల రాజులను చెప్పెను. కాంచియు పల్లవులును సమాధానములు. ‘కాఞ్చీ’ యందు క్, ఆ, ఞ్, చ్, ఈ అని ఐదు వర్ణములు. ‘నాలుగు వర్ణములు’ చాతుర్వర్ణ్యమునకును చెల్లుట ఇందలి చమత్కారము. కాని తెలుగు నుడికట్టున ‘కాంచి’కి రెండు గళ్ళే చాలును. ‘ఓరుగల్లు’ నందు వర్ణము లెనిమిది, గళ్ళు నాలుగు. ఇట్లు తెలుగు గడికి ప్రమాణము అక్షరమే కాని వర్ణము కాదు. ‘మరా’ యని జపింపగా ‘రామ’ యైనదను వాల్మీకి ఐతిహ్యమును ఈ ప్రమాణమునే పాటించినది. వర్ణములను త్రిప్పినచో ఆ మంత్రము సిద్ధింపదు. కావున గుణింతమును ఒత్తును అక్షరముతో కూడ కదలవలెను. సూచన లేక ‘కళ’ను ‘కల’గను, ‘కాల’ను ‘కల’గను వాడుట లక్షణభంగము.

రెండవ దోషము అధికపదము. ‘ఎవరి వలన తారుమారైనదో యీ కథాగ్రంథము (3)’ అను ఆధారమును చూడుడు. పంచమీప్రత్యయమగు ‘వలన’ తారుమారై ‘నవల’ యగుట హృద్యమే. కాని ‘ఎవరి’ అను పదమునకు పని యేమి? పూరించినవాడు దీనిని గమనింపడు; ఉపపాదించువాడు తప్పక గమనించును. తెలుగున విభక్తులు పదములను వీడవు గనుక మొదటి ఆధారమందలి ‘-నకు’ వంటి ప్రత్యయములు అన్వయార్థమై క్షమార్హములు. స్వతంత్రపదము అట్లు కాదు. ‘వలన తారుమారై కథాగ్రంథమైనది’ అన్నచో సొగసు తగ్గును, న్యాయము నిలుచును. ఈ రెంటిని ఒక్కచో సాధించుటయే కూర్పరి ప్రజ్ఞ.

పత్రికలు సాధారణముగా నిండిన గళ్ళనే ప్రకటించును, వివరణము నీయవు. అందుచే ఊహ గెలిచినను హేతువు నిలువదు. అడ్డముగను నిలువుగను వచ్చిన అక్షరముల నానుకొని పదమును పట్టినవాడు ఆధారమును చదివినవాడు కాడు. ఈ యలవాటు తరగతిలోనికి వచ్చినచో ద్వ్యర్థికావ్యమందలి రెండవ యర్థమును టీకనుండి యెత్తి వ్రాయుటగా పరిణమించును. శ్లేషకు తావైన పదచ్ఛేదమును తానుగా చూపలేనివానికి సూరన రాఘవపాండవీయము నింపిన గళ్ళపట్టిక వంటిదే.

కాబట్టి ప్రతి పూరణమునకు నిర్వచనము, విభాగము, సూచకపదము, అధికపదపరీక్ష అను నాలుగింటిని వ్రాయించుట బోధకులకు కర్తవ్యమని మా యభిప్రాయము. ఉపపాదన మెరిగిన పాఠకులున్నచోట దుష్టప్రహేళిక నిలువజాలదు.