సంచికి 120, చేనుకి 25

ఈ వారం ఈ కాలమ్ రాసే పెద్దమనిషికి కోపం తెప్పించింది ఒక ప్లాస్టిక్ ముక్క. వేలిగోరంత కూడా ఉండదు. షాంపూ ప్యాకెట్ మూల పళ్లతో చింపి ఉమ్మేస్తారే, ఆ మూల. అది దొరికింది ఏ కాలవలోనో కాదు, ‘నూటికి నూరుపాళ్లూ సేంద్రియం’ అని ఆకుపచ్చ అక్షరాలతో అచ్చేసిన బస్తాలో. విశాఖ మద్దిలపాలెంలో మేడ మీద వంగా బెండా పెంచే ఈయన చాదస్తాలు పాత పాఠకులకి తెలియనివి కావు. జల్లించని మట్టి కుండీలో పొయ్యడు. గ్రో బ్యాగు పేరెత్తితే మొహం చిట్లిస్తాడు. ఎంవీపీ కాలనీ రైతుబజారులో కరివేపాకు కట్టకి ప్లాస్టిక్ పురికొస చుట్టి ఇస్తే, వెనక జనం విసుక్కుంటున్నా సరే, విప్పించి గానీ కదలడు.

బస్తాలో ఉన్నది ఎర్రమట్టీ కంపోస్టూ కలిపిన కుండీ మిశ్రమం. జల్లెడ మీద మిగిలినదంతా పాత పేపరు మీద పరిచాడు. ఇటుక పెళ్లలు, కవరు ముక్కలు, సిమెంటు గోనె నుంచి ఊడిన నీలం దారప్పోగు, గుట్కా ప్యాకెట్టుది కాబోలు ఒక వెండి తళుకు. వీటి మధ్య తెల్లటి గుళికలు. వేళ్ల మధ్య నలిపితే వాటిలో కొన్ని పిండయ్యాయి. అది పెర్లైటు, అగ్నిపర్వతపు రాయిని కాల్చి పొంగించింది. మట్టి గుల్లగా ఉండటానికి కలుపుతారు, దానితో పేచీ లేదు. మిగిలినవి మాత్రం నలగలేదు. నొక్కితే అణిగి, వదలగానే మళ్లీ ఉబ్బాయి. థర్మాకోల్!

థర్మాకోల్ అంటే పాలిస్టైరీన్. దాని ముడిసరుకు పేరు విశాఖలో పిల్లలకి కూడా తెలుసు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్.వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి లేచిన స్టైరీన్ ఆవిరి 12 మంది ప్రాణాలు తీసింది. 1961లో హిందుస్థాన్ పాలిమర్స్‌గా మొదలై 1997లో కొరియా కంపెనీ చేతిలోకి వెళ్లిన కర్మాగారం అది. ఆ చుట్టుపక్కల కాసిన కూరలూ పళ్లూ తినొద్దని, అక్కడి గడ్డి పశువులకి వెయ్యొద్దని అప్పట్లో నిపుణులు హెచ్చరించారు. నేల మట్టుకు చూస్తే ఇందులో ఒక వైపరీత్యం ఉంది. అంత ఘోరం చేసిన స్టైరీన్ మట్టిలో ఎక్కువకాలం ఉండదు. కొంత ఆవిరైపోతుంది, మిగిలింది సూక్ష్మజీవులు తినేస్తాయి. అదే స్టైరీన్‌ని పాలిస్టైరీన్‌గా మార్చి, టీవీ పెట్టెలో అడ్డంపెట్టి ఇంటికి పంపిస్తే మాత్రం దాన్ని అరిగించుకోవడం సూక్ష్మజీవుల తరం కాదు. పైగా కుండీ బరువు తగ్గుతుందని మేడతోటల వాళ్లు ఆ ముక్కల్ని ఏరికోరి అడుగున వేస్తారు.

మరి బస్తా మీది మాట అబద్ధమా అంటే, కాగితం ప్రకారం చూస్తే అలా తేల్చలేం. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో సిటీ కంపోస్టుకి ప్రమాణాలున్నాయి. కిలోకి సీసం 100 మిల్లీగ్రాములు మించకూడదు. కాడ్మియం 5, ఆర్సెనిక్ 10, పాదరసం 0.15. నూటికి 90 పాళ్లు 4 మిల్లీమీటర్ల జల్లెడలోంచి దిగాలి. రంగూ వాసనా తేమా కూడా రాశారు. ప్లాస్టిక్ ఎంతవరకు ఉండొచ్చో చెప్పే వరుస మాత్రం ఆ పట్టికలో లేదు. ఐరోపా సమాఖ్య 2019లో తెచ్చిన నిబంధనల్లో, కంపోస్టులో 2 మిల్లీమీటర్లు దాటిన ప్లాస్టిక్ ముక్కలు కిలోకి 3 గ్రాములకి మించకూడదని హద్దు పెట్టుకుంది. మన దగ్గర ప్యాకెట్ ముక్క 4 మిల్లీమీటర్లకి చిరిగితే చాలు, ఎరువు కిందే చెల్లిపోతుంది.

ఇక్కడ గత్తం సంగతి రాక తప్పదు. మళ్లీ మొదలెట్టాడని నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు.

విజయనగరం జిల్లా పల్లెల్లో ప్రతి పశువుల శాల వెనకా ఒక గత్తపుకుప్ప ఉండేది. పేడ, పశువులు తొక్కి వదిలేసిన గడ్డి, పొయ్యిలో బూడిద, కూరల తొక్కలు, తిని పారేసిన విస్తరాకులు, ఇల్లూడ్చిన చెత్త, అన్నీ అందులోకే. ఏడాదంతా మగ్గి, అడుగున నల్లగా, కాఫీపొడిలా పొడిపొడిగా తయారయ్యేది. వేసవిలో బళ్లు కట్టేవారు. ఆడవాళ్లు తట్టలతో ఎత్తిపోస్తుంటే బండి మీద ఒకరు నిలబడి సర్దేవారు. చేలో కొన్ని అంగలకి ఒకటి చొప్పున చిన్న చిన్న కుప్పలు పోసి వదిలేసి, తొలకరి పడగానే చిమ్మి దున్నేసేవారు. గత్తం తోలుతున్న రోజుల్లో ఊరంతా ఒకటే వాసన, ఎవరూ ముక్కు మూసుకునేవారు కాదు.

ఆ కుప్ప మీద గాజుపెంకు కనిపించిందో, ఈ కాలమిస్టు నాయనమ్మ వీధి చివరిదాకా వినిపించేలా తిట్టేది. పగిలిన సీసాలూ తుప్పు మేకులూ వెయ్యడానికి వేరే గొయ్యి ఉండేది. ఇందులో పర్యావరణం లేదు, శాస్త్రం లేదు. జూన్‌లో ఆ చేలోకి చెప్పుల్లేకుండా దిగే కాళ్లు ఇంట్లోవాళ్లవే. కుప్ప మీద పారేసేవాళ్లూ చేలో నడిచేవాళ్లూ ఒకళ్లే కాబట్టి, చెత్తని వేరు చెయ్యమని ఏ మునిసిపాలిటీ మైకులో మొత్తుకోనక్కర్లేకపోయింది. మద్దిలపాలెంలో అపార్టుమెంటు లిఫ్టు పక్కన నీలం బుట్ట, ఆకుపచ్చ బుట్ట పెట్టి, పోస్టరు అంటించినా రెండింట్లోనూ ఒకటే సరుకు ఎందుకుంటుందో చెప్పడానికి ఇంతకన్నా పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు. ఇక్కడ చెత్త వేసే మనిషి ఆ చేలో ఎప్పటికీ కాలు పెట్టడు.

అయితే పల్లె గత్తం ఇప్పుడు పాత గత్తం కాదు. పెళ్లిళ్లలో విస్తరాకులు పోయి ప్లాస్టిక్ పొర అంటించిన పళ్లేలొచ్చాయి. పాలు ప్యాకెట్లోకి వచ్చాయి, సబ్బుపొడి ప్యాకెట్లోకి వచ్చింది. అవీ కుప్ప మీదికే చేరి, అక్కణ్ణుంచి బండెక్కి చేలోకి వెళ్తున్నాయి. ఎరువులోంచి రాని ప్లాస్టిక్‌ని డబ్బు పెట్టి కొని మరీ పరుస్తున్నారు.

ఆ పరుపు చూడాలంటే దూరం పోనక్కర్లేదు. పద్మనాభం మండలంలో కాలమిస్టు మేనల్లుడు కౌలుకి కూరగాయలు వేస్తాడు. బోదెల మీద మల్చింగ్ షీటు. పైన వెండి రంగు, కింద నలుపు. వెండి వైపు వెలుతురుని తిప్పికొట్టి పేనుబంకనీ తామరపురుగునీ చెదరగొడుతుంది. నలుపు వైపు కలుపుని లేవనివ్వదు. కింద డ్రిప్పు గొట్టం, దాని నీరు ఆవిరైపోదు. ఇంతవరకు లాభమే. పంట అయిపోయాక చూడాలి దాని అవతారం. అంచులు గాలికి లేవకుండా మట్టిలో పాతి ఉంటాయి. ఎండకి పెళుసెక్కిన పైభాగాన్ని పట్టుకు లాగితే జానెడు చేతికొస్తుంది, అంచు మట్టిలోనే ఉండిపోతుంది. తర్వాత ట్రాక్టరు దిగి దాన్ని పేలికలు చేస్తుంది. చేతికొచ్చినదాన్ని పాత సామాన్లవాళ్లు తీసుకోరు, సగం బరువు మట్టేనంటారు. చివరికి గట్టు మీద, పురుగుమందు డబ్బాల పక్కన, మంట.

లెక్క కూడా చూద్దాం. 25 మైక్రాన్ల షీటు చదరపు మీటరు సుమారు 23 గ్రాములు తూగుతుంది. నాలుగడుగుల వెడల్పు, 400 మీటర్ల పొడవున్న రోలు దాదాపు 11 కిలోలు. బోదె నుంచి బోదెకి ఆరడుగులు ఉంటే ఎకరాకి అయిదారు రోల్స్, అంటే ఇంచుమించు 60 కిలోల ప్లాస్టిక్. ప్రపంచం మొత్తం మీద పంటలూ పశువుల పెంపకంలో 2019లో వాడిన ప్లాస్టిక్ వస్తువులు కోటీ 25 లక్షల టన్నులని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఎఫ్‌ఏఓ 2021లో అంచనా వేసింది. మట్టిలో మిగిలినది సూక్ష్మమైపోయాక వానపాముల కడుపులోకి చేరుతుంది. నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ పరిశోధకులు 2016లో, ఆకుల చెత్తలో పాలిథిన్ పొడి మోతాదు పెంచేకొద్దీ వానపాముల ఎదుగుదల తగ్గి, చావులు పెరిగినట్టు గమనించారు.

షీట్లన్నీ పీకి పారేసి గడ్డి కప్పమనడం ఈయన పాత పాట. ప్రకృతి వ్యవసాయంలో ఆచ్ఛాదన అనేది అదే. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడుపుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ బహుమతి కూడా వచ్చింది. ఆ పాటే మేనల్లుడి దగ్గర ఎత్తుకుంటే అతను గొట్టం సరిచేస్తూనే అన్నాడు:

“ఏటి మావయ్యా, నువ్వు మేడ మీద నాలుగు కుండీలకి ఆకులేసినట్టేటి? ఎకరాకి గడ్డెయ్యాలంటే ఎక్కణ్ణుంచి తేను? ఉన్న గడ్డి ఆవులకే చాలట్లేదు. కలుపుకి మనుషులు దొరకట్లేదు. కౌలు చేను, వచ్చే ఏడు నా చేతిలో ఉంటాదో లేదో.”

ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్ల దగ్గర దీనికి జవాబుంది. చేను ఖాళీగా ఉంచకుండా రకరకాల విత్తనాలు చల్లి, ఆ పచ్చదనాన్నే కప్పుగా వాడతారు. చేను సొంతమైతే, రెండు మూడేళ్లు ఓపిక పట్టగలిగితే అది మంచి జవాబే. కౌలు రైతుకి ఆ వ్యవధి లేదు, అతను ఈ సీజన్లో షీటు కొంటాడు. కూరగాయలకి 25 మైక్రాన్లు, పండ్ల తోటలకి 100 అని సిఫార్సులున్నాయి. కానీ ఒక పంటకి కొన్న పలచని షీటు మీద, డబ్బు పెట్టాం కదా అని, రెండో పంట కూడా లాగిస్తారు. అప్పటికి దాన్ని ఎత్తడం ఎవరివల్లా కాదు.

సంచుల విషయంలో ప్రభుత్వానికి ఈ సంగతి ఎప్పుడో అర్థమైంది. క్యారీబ్యాగు మందం 2016లో కనీసం 50 మైక్రాన్లన్నారు, 2021 సెప్టెంబరు 30 నుంచి 75, 2022 డిసెంబరు 31 నుంచి 120. పలచనిది చిరిగి ఎగిరిపోతుంది, దాన్ని ఏరేవాళ్లుండరు. మందంగా ఉంటే మళ్లీ వాడతారు, లేదా ఎవరో ఒకరు ఏరి తూకానికి వేస్తారు. మద్దిలపాలెం జంక్షన్లో కిరాణా కొట్టువాడు 120కి తక్కువ సంచి ఇస్తే జరిమానా. అక్కణ్ణుంచి గంట ప్రయాణంలో చేనంతా 25. చైనా ఈ దెబ్బ ముందే తింది. షిన్‌జియాంగ్ పత్తి చేలల్లో 8 మైక్రాన్ల పొరలు ఏళ్ల తరబడి పేరుకుపోయాక, 2018 నుంచి కనీసం 10 మైక్రాన్లు ఉండాలని ప్రమాణం మార్చింది. వాళ్లకన్నా మన షీటు నయం. కానీ మందం పెంచితే తియ్యగలమన్న తర్కం రెండు చోట్లా ఒకటే.

రసాయనాలతో ఈ వెసులుబాటు లేదు. పటాన్‌చెరులో మందుల కంపెనీల వ్యర్థజలాలు శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో, లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ నీరు కలిసే నక్కవాగు కింది నేలల్లోంచి ఆ మందుల్ని ఏ జల్లెడా పట్టలేదు. వాటిని గొట్టం దగ్గరే ఆపాలి. ప్లాస్టిక్ అలాంటిది కాదు. షీటుగా ఉన్నన్నాళ్లూ చేత్తో ఎత్తొచ్చు, ముక్కలైతేనే చెయ్యి దాటిపోతుంది.

అందుకని, గ్రో బ్యాగు చూస్తేనే మండిపడే ఈ మనిషి ఈ వారం అడుగుతున్నది ఇదీ: రైతుకి ఇంకా మందపాటి ప్లాస్టిక్ ఇవ్వండి. ఎకరాకి 60 కిలోలు కాదు, 120 ఇవ్వండి. ఉత్తరాలు రాసేవాళ్లు నిరభ్యంతరంగా రాయొచ్చు. కాకపోతే ఇచ్చినదాన్ని తూచి వెనక్కి తీసుకోవాలి. కేంద్ర ఉద్యాన పథకంలో మల్చింగ్‌కి చాలా ఏళ్లు హెక్టారుకి 32,000 రూపాయల ఖర్చు లెక్కగట్టి, అందులో సగం, 16,000 సబ్సిడీగా ఇచ్చారు. ఆ లెక్క పరిచిన విస్తీర్ణం మీదే తప్ప తీసిన బరువు మీద కాదు. ఉత్పత్తిదారులు వ్యర్థాల్ని వెనక్కి తీసుకోవాలన్న 2022 నిబంధనలేమో ప్యాకేజింగ్‌కి రాసినవి, మల్చింగ్ షీటు ప్యాకేజింగ్ కాదు. ఎరువులూ విత్తనాలూ ఇచ్చే రైతు సేవా కేంద్రంలోనే ఒక కాటా పెట్టి, పాత షీటు తెచ్చిచ్చినప్పుడే సబ్సిడీలో చివరి వాయిదా ఇస్తే సరిపోతుంది.

మేనల్లుడికి ఈ పథకం నచ్చింది. ఒక్కటే షరతు పెట్టాడు, మట్టి దులపకుండా తూయాలట. బేరం ప్రస్తుతానికి అక్కడే ఆగింది.