వదిలిన డేగను తిరిగి రప్పించేదే విద్య

డేగవేట అనగానే అందరూ చెప్పేది బైరి డేగ దూకుడు గురించే. రెక్కలు ముడుచుకుని గంటకు 300 కిలోమీటర్లు మించిన వేగంతో అది పిట్ట మీద పడుతుంటే ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది. కానీ ఆ దూకుడులో మనిషి ఘనత రవ్వంత కూడా లేదు, అది పక్షికి పుట్టుకతో వచ్చింది. మనిషి నేర్పగలిగింది తిరిగి రావడం ఒక్కటే. వేటకుక్క యజమాని మీద ప్రేమతో వస్తుంది, పావురం గూటి మీద మమకారంతో వస్తుంది. డేగకు ఈ రెండూ లేవు. అది కొడితే లొంగదు, గద్దిస్తే ఇక దగ్గరికి రాదు. కాలి తాడు విప్పి వదిలిన ప్రతిసారీ అది పూర్తిగా అడవి పక్షే. చేజారిపోయే ప్రమాదం ఉండబట్టే ఈ విద్యకు విలువ వచ్చిందనీ, ఆ ప్రమాదాన్ని కాచుకునే నేర్పులో మన ఉపఖండపు డేగవేటగాళ్లైన మీర్‌షికారీలను మించినవాళ్లు లేరనీ నా వాదన.

డేగ ఎందుకు పోతుంది? మొదటి కారణం కడుపు. ఆకలి లేని డేగకు మనిషితో పనిలేదు, మరీ నకనకలాడే డేగకు ఎగిరే సత్తువ ఉండదు. ఈ రెంటి నడుమ సందు బహు ఇరుకు. ఆడ షిక్రా డేగ మొత్తం తూగేదే 200 గ్రాములకు అటూ ఇటూ. అందులో కొద్ది గ్రాములు ఎక్కువైతే చాలు, ఎంత పిలిచినా చెట్టు మీద కూర్చుని ఈకలు దువ్వుకుంటుంది. పాత ఉస్తాదులు రొమ్ము మీద రెండు వేళ్లు పెట్టి, నడిమి ఎముకకు ఇరువైపులా కండ ఎంత నిండిందో తడిమి, ఇవాళ వదలవచ్చో లేదో తేల్చేసేవాళ్లు. రెండో కారణం ఎండ, గాలి. పొద్దెక్కాక నేల నుంచి లేచే వేడిగాలి దొరికిందంటే బైరి సుడులు తిరుగుతూ పైపైకి పోతుంది, కింద మనిషి ఉన్న సంగతే దానికి పట్టదు. గాలివాటున పావురాన్ని తరిమిన డేగ నిమిషాల్లో ఊళ్లు దాటేస్తుంది. అన్నిటికన్నా చెడ్డది మూడో కారణం: మనిషి చేరేలోపే పిట్టను చంపి, పొదచాటున తిత్తి నిండా మేయడం. ఆ పూటకు దానికి ఎవరి పిలుపూ అక్కర్లేదు. నాలుగు రోజులు అలా గడిస్తే మనిషే అక్కర్లేదు. పెద్ద గద్దలు, గుడ్లగూబలు, కరెంటు తీగలు సరేసరి.

వీటికి మీర్‌షికారీలు కనిపెట్టిన విరుగుళ్లు చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. షిక్రా మెడకు మెత్తటి పట్టీ వేసి, పక్షిని గుప్పిట్లో పట్టుకుని, పూరేడు లేవగానే బంతిలా విసిరేవాళ్లు. ఆ ఊపుతో అది కొద్ది గజాల్లోనే పిట్టను అందుకుంటుంది. తరుము ఎంత పొట్టిదైతే తప్పిపోయే ప్రమాదం అంత తక్కువ. కాలికి కట్టిన మువ్వల్లో లాహోరు మువ్వలకు ఇంగ్లండు వేటగాళ్లలో కూడా మంచి పేరుండేది. పొదలో ఉన్న డేగ ఈకలు పీకుతోందో, ఊరికే కదులుతోందో ఆ చప్పుడే చెబుతుంది. ఇక చంపిన పిట్ట మీద కూర్చున్న డేగ దగ్గరికి పోవడమన్నది అసలు పరీక్ష. నిలువుగా నడిచి వెళితే పిట్టతో సహా ఎగిరిపోతుంది. దూరం నుంచే వంగి, మోకాళ్ల మీద జరుగుతూ, కళ్లలోకి సూటిగా చూడకుండా, చేతితొడుగులో మాంసం ముక్క ముందుకు చాపాలి. అది ముక్కును ఆ మాంసం వైపు తిప్పిన క్షణంలో పిట్టను చాటుచేసి, కాలి పట్టీలు వేళ్ల సందున బిగించాలి. తప్పిపోయి బెదురుగా ఉన్నదైతే ఇంకో యుక్తి ఉంది. తిండి మీద ఉన్న డేగ చుట్టూ దూరంగా దారంతో ప్రదక్షిణాలు చేస్తూ, చుట్టు చుట్టుకూ బిగిస్తూ, కాళ్లు చిక్కేదాకా ఓపిక పట్టాలి. అదీ పారకపోతే బాల్‌చత్రి: లోపల ఎర ఉన్న చిన్న బోను, పైన గుర్రపు వెంట్రుకల ఉచ్చులు. 1959లో అమెరికా పక్షిశాస్త్రజ్ఞులు బెర్గర్, ముల్లర్ దీని మీద వ్యాసం రాశారు. ఈనాటికీ డేగలను పట్టి రింగులు తొడిగే పరిశోధకులు వాడే బోను మన పల్లె వేటగాళ్లదే.

ఈ విద్య చరిత్ర పెద్దదే. కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసంలో డేగవేటను రాజవినోదాల్లో చేర్చాడు. కుమావూ రాజు రుద్రదేవుడు శ్యైనికశాస్త్రమే రాశాడు. వేటడేగ పేరునే బిరుదుగా మోసిన సాళువ వంశం విజయనగరాన్ని ఏలింది. ఫ్రాన్సు రాజొకరి డేగ తప్పిపోయి మర్నాడు మాల్టా దీవిలో దొరికిందని కూడా చెప్పుకుంటారు. ఎంత పెద్ద దర్బారైనా ఏమరుపాటు ముందు ఓడిపోయేది. పర్షియా షా మొఘల్ చక్రవర్తి జహంగీరుకు పంపిన మేలుజాతి డేగ దారిలో మీర్‌షికారీ అజాగ్రత్త వల్ల పిల్లి వాత పడి, దర్బారు చేరాక వారం కూడా బతకలేదు. జహంగీరు చిత్రకారుడు ఉస్తాద్ మన్సూర్ చేత బొమ్మ గీయించుకుని తృప్తిపడ్డాడు. ఇంగ్లిషు రచయిత టి.హెచ్.వైట్ సంగతి ఇంకా ఘోరం. నాసిరకం పురికొస తెగి ఆయన డేగ కాలి పట్టీలతోనే అడవి పాలైంది. ఆ దుఃఖం మంచి పుస్తకమైంది కానీ డేగ మాత్రం దొరకలేదు.

ఇప్పుడు రేడియో ట్రాన్స్‌మిటర్లు, జీపీఎస్ ఉన్నాయి కదా, ఈ పాత నేర్పు దేనికని అడగవచ్చు. ట్రాన్స్‌మిటర్ వాడొద్దని నేననను. దాని వల్ల ఎన్నో పక్షులు ఇల్లు చేరాయి. అయితే డేగ ఎక్కడుందో అది చెబుతుంది, అంతే. చెట్టు కొమ్మ మీది నుంచి చేతి మీదికి దించడం దాని వల్ల కాదు. పైగా, పోతే వెతుక్కోవచ్చులే అన్న ధీమాతో గాలిరోజున, కడుపు నిండిన పక్షిని వదిలే సోమరితనం పెరిగింది. పోయిన డేగకు స్వేచ్ఛ దొరికినట్టేగా అన్నది రెండో మాట. ఇందులో సగం నిజముంది. వలపన్ని పట్టిన పెద్ద డేగకు బతుకు తెలుసు. మన ఉస్తాదులే చాలాచోట్ల సీజను చివర పట్టీలు కోసి వదిలేసేవాళ్లు. కానీ పట్టీలతో తప్పిపోయిన డేగ కొమ్మకు చిక్కుకుని తలకిందులుగా వేలాడి చచ్చే ప్రమాదం ఉంది. గూటి నుంచి దొంగిలించి పెంచిన పిల్లకు వేట సరిగా అలవడకపోతే దానికి దొరికేది ఆకలిచావే.

అందుకే నాకు మండుకొచ్చేది నకిలీలను చూస్తే. టూరిస్టులకు ఫోటోల కోసం రోజంతా ఎండలో కొయ్యకు కట్టేసిన డేగ, ఒక్కసారి కూడా వదలకుండా ‘డేగల నిపుణుడ’నిపించుకునే షోకిల్లారాయుడు, గల్ఫ్ బేరాల కోసం సేకర్ డేగలను ఊడ్చేస్తున్న దళారులు! పోగొట్టుకునే సాహసం లేనివాడికి ఈ విద్య పేరెత్తే అర్హత లేదు. 2010లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన డేగవేటను 2021 నాటికి 24 దేశాలు తమదన్నాయి. పాకిస్తాన్ కూడా ఉంది. విద్యకు పుట్టినిళ్లలో ఒకటైన మన దేశం లేదు. 1972 వన్యప్రాణి చట్టాన్ని సడలించమని నేను అడగడం లేదు, ఆ చట్టం ఉండాల్సిందే. వేట లేకుండానే విద్య బతకవచ్చని రుజువులున్నాయి. అమెరికాలో టామ్ కేడ్ 1970లో మొదలుపెట్టిన పెరిగ్రిన్ ఫండ్ వేటగాళ్ల మెళకువలతోనే బైరి పిల్లలను పెంచి అడవికిచ్చింది. 1999లో ఆ పక్షి అక్కడి ప్రమాద జాబితా నుంచి బయటపడింది. మన బీహారు మీర్‌షికారీ అలీ హుస్సేన్ బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ కోసం పక్షులను ఈక చెదరకుండా పట్టి, రింగుల పనికి ప్రాణం పోశాడు. అలాంటి ఇళ్లలో మిగిలిన పెద్దలను మన అటవీశాఖలు వెతికి పట్టుకోవాలి. గాయపడి చికిత్స కేంద్రాలకు చేరే డేగలకు మళ్లీ ఎగిరే, వేటాడే సత్తువ తెప్పించే పని వాళ్లకు జీతమిచ్చి అప్పగించాలి. వాళ్ల పక్కన కుర్రవాళ్లను కూర్చోబెట్టి, వాళ్లు చెప్పేదంతా రాయించాలి. చేజారిన డేగను పట్టడానికి వంద యుక్తులున్నాయి. ఆ యుక్తులు తెలిసిన మనిషి పోతే మాత్రం ఏ బాల్‌చత్రీ పనికిరాదు.