తెలుగు అక్షర గణన – పైతన్ అనుబంధ మాడ్యూళ్ల కంపైలేషన్: ఒక విమర్శ

1. ప్రవేశిక:
డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలోని ఒక మండల కేంద్రం ‘కాట్రేనికోన’. తెలుగు చదివేవారికి ఈ పేరులో కా, ట్రే, ని, కో, న అనే 5 అక్షరాలు కనిపిస్తాయి. పైతన్ భాష మాత్రం దీని పొడవును 11గా లెక్కిస్తుంది. హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు దానికి వేర్వేరు సంకేతాలు. కంప్యూటర్ గణనలను శైలీ పరిశోధనకు ఆధారంగా చూపేటప్పుడు ఈ అంతరాన్ని పట్టించుకోక తప్పదు.

2. కంపైలేషన్ – లైబ్రరీ భేదం:
అక్షర విభజన కోసం పైతన్ వాడేవారు తరచు సీ, సీ++ భాషల్లో రాసిన లైబ్రరీలను ఆశ్రయిస్తారు. యూనికోడ్ నియమాలను అమలుచేసే ఐసీయూ అటువంటిది. దాన్ని పైతన్‌తో కలిపే మాడ్యూల్ పైఐసీయూ. మూల కోడ్ నుంచి కంపైల్ చేసినప్పుడు ఈ మాడ్యూల్ ఆ యంత్రంలో ఉన్న ఐసీయూతో ముడిపడుతుంది. విండోస్, లైనక్స్, మాక్ వ్యవస్థలలో కంపైలర్లు వేరు. లైబ్రరీల వెర్షన్లూ వేరు కావచ్చు. కంపైలేషన్ విఫలమైతే ఆ సంగతి వెంటనే తెలుస్తుంది. సఫలమై వేరొక వెర్షన్‌తో కలిస్తే పరిశోధకుల దృష్టికి రాకపోవచ్చు.

3. ఫలితాలపై ప్రభావం:
2023లో వెలువడిన యూనికోడ్ 15.1కు ముందు, ప్రామాణిక నియమం పొల్లు తర్వాత అక్షరాన్ని విడదీసేది. ఆ లెక్కన ‘ట్రే’ రెండు ముక్కలై కాట్రేనికోన 6 అక్షరాలవుతుంది, 15.1 నియమంతో 5 అవుతుంది. ఈ తేడా అన్ని రచనలకూ సమానం కాదు. సంయుక్త, ద్విత్వాక్షరాలు అధికంగా ఉన్న రచనలో లెక్క ఎక్కువగా పెరుగుతుంది. కనుక సంస్కృత సమాసబహుళమైన కావ్యాన్ని వాడుక భాషలోని రచనతో పోల్చే పట్టికలో కవి శైలితోపాటు లైబ్రరీ వెర్షన్ కూడా ప్రతిఫలించవచ్చు.
కొత్త నియమమూ ఛందస్సుకు చాలదు. ‘వచ్చెన్’ అనే పదంలో చివరి పొల్లు ముందు అక్షరంలో చేరి, ఛందస్సు ప్రకారం 2 అక్షరాలవుతాయి. యూనికోడ్ ప్రకారం అవి 3.

4. ముగింపు:
‘పైతన్‌తో లెక్కించబడినది’ అనే ఒక్క వాక్యం ఆధారంగా చాలదు. ఆపరేటింగ్ సిస్టం, మాడ్యూల్, అది కలిసిన లైబ్రరీ వెర్షన్లను వ్యాసంలో పేర్కొనాలి. లైబ్రరీని లోపలే ఇముడ్చుకొని ముందే కంపైల్ చేసిన ‘వీల్’ ప్యాకేజీలను మూడు వ్యవస్థలకూ అందించడం మేలు. లైనక్స్‌లో ఇందుకు 2016 నాటి ‘మెనీలైనక్స్’ ప్రమాణం దారి చూపింది. అక్షరమంటే ఏ అర్థంలో తీసుకున్నారో కూడా చెబితేనే మరొకరు ఆ గణనను సరిచూడగలరు.