కవిసమ్మేళనం: వినికిడి, విమర్శ

అచ్చయిన కవితను పరిశీలించే పద్ధతిని ఇంతకుముందు తెలుసుకున్నారు. ఇప్పుడు చెవిన పడే కవితను చూద్దాం. కాళోజీ జయంతి అయిన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. వికారాబాద్, తాండూరు వంటి చోట్ల ఆ సాయంత్రమో, ఉగాదినాడో జరిగే కవిసమ్మేళనానికి మీరు వెళ్ళే ఉంటారు. కవుల జాబితా పెద్దది, ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలు, చివర శాలువా. అందరికీ చప్పట్లే. మరి విమర్శకుడికి అక్కడ పనేమిటి?

ముందు ఆ చప్పట్ల చరిత్ర తెలియాలి. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువరించారు. అందులో 354 మంది కవులకు చోటు దొరికింది. 1953లో ఆలంపురంలో జరిగిన సాహిత్య సభల్లో కాళోజీ ‘నా గొడవ’ను శ్రీశ్రీ ఆవిష్కరించారు. ఆ దశలో కవి ఉన్నాడని చూపడమే పెద్ద వాదం. సంఖ్యే సాక్ష్యం. ఆ వాదం ఎప్పుడో గెలిచింది. అయినా ఇప్పటికీ కవులను లెక్కపెట్టి పంపిస్తున్నామంటే, వారి కవితలను మనం వినడం లేదన్నమాట. శాలువా మర్యాదే కావచ్చు, కవికి కావలసింది మాత్రం శ్రద్ధగా వినే చెవి.

వినేటప్పుడు ఒక అలవాటును ప్రత్యేకంగా గమనించండి. మన కవులు చాలామంది పాదాన్ని రెండుసార్లు చదువుతారు. ఇది ఉర్దూ ముషాయిరాలలో బాగా కనిపించే పద్ధతి. గజల్‌లోని షేర్‌కు రెండు పాదాలు. మొదటి పాదాన్ని మళ్ళీ చదివి కవి కాస్త ఆగుతాడు. రెండో పాదం ఏ ప్రాసతో, ఏ పదంతో ముగుస్తుందో శ్రోతకు కొంత తెలుసు, అక్కడికి ఎలా చేరుతాడన్నదే ఉత్కంఠ. వచన కవితలో అలా ఎదురుచూడడానికి ప్రాస నియమం లేదు. కాబట్టి భావంలో మలుపు లేకపోతే, పునరుక్తి వల్ల కాలం గడుస్తుందే తప్ప కవిత ముందుకు కదలదు. కొందరు గొంతుతో దీన్ని కప్పిపుచ్చగలరు (మంచి గొంతు ఉన్న కవిని అంచనా వేయడం ఎప్పుడూ కష్టమే!). అందుకే విన్న కవితను ఇంటికి వచ్చాక, వీలైతే కవిని అడిగి తీసుకుని, మౌనంగా చదవండి.

రెండో విషయం స్థానికత. అనంతగిరి కొండలు, మూసీ పుట్టుక, తాండూరు కంది, నాపరాయి: ఈ పేర్లు వినగానే సభ పులకిస్తుంది. పేరు చెప్పడంతోనే స్థానికత వచ్చేస్తుందా? ‘అనంతగిరి’ తీసి ‘అరకు’ అని పెట్టి చూడండి. కవితకు ఏమీ కాకపోతే అది ఏ ఊరి కవితా కాదు. నాపరాయి గనిలో బండను ఎలా లేపుతారో, దుమ్ము ఎవరి ఊపిరిలోకి పోతుందో తెలిసి రాసిన కవితలో మాత్రం పేరు మార్చలేరు.

భాష సంగతి కూడా ఇంతే. తాండూరు కర్ణాటక సరిహద్దు పట్టణం. అక్కడి సంతలో తెలుగు, కన్నడం, ఉర్దూ ఒకే బేరంలో కలిసిపోతాయి. కాళోజీ పుట్టింది కూడా నేటి కర్ణాటకలోని రట్టిహళ్ళిలోనే, ఆయన తల్లి కన్నడిగురాలు. వాడుక భాషనే కవిత్వ భాషగా నిలబెట్టిన మనిషి పేరిట జరిగే సభలో, ఇంట్లో మాట్లాడే మాటను వేదిక ఎక్కేముందు చెప్పుల్లా బయట వదిలి వచ్చే కవులు కనిపిస్తే నాకు బాధగా ఉంటుంది. మరోవైపు, రెండు మాండలిక పదాలు చల్లి మిగతాదంతా పుస్తక భాషలో నడిపే కవితా ఉంది. ఆ పదాలు వాక్యం నడకను మార్చాయా, అలంకారంగా మిగిలాయా అన్నది మీరు తేల్చాలి.

అభ్యాసం: మీ ప్రాంతంలో జరిగే ఒక కవిసమ్మేళనానికి వెళ్ళండి. చప్పట్లు ఎక్కువ పడిన కవితను ఒకటి, దాదాపు ఎవరూ పట్టించుకోని కవితను ఒకటి ఎంచుకోండి. రెండింటినీ మర్నాడు మళ్ళీ చదివి, మీ అభిప్రాయం మారిందో లేదో కారణాలతో ఒక పుటలో రాయండి.