రాళ్ల క్రింది సాక్షులు

రేచెల్ కార్సన్ 1962లో ప్రచురించిన ‘సైలెంట్ స్ప్రింగ్’ గ్రంథమున తొమ్మిదవ అధ్యాయము నదులను గూర్చినది. కెనడాలోని మిరమిషీ నదిలో సాల్మన్ చేపలు నశించిన కథ అందు ముఖ్యము. 1954 జూన్‌లో అడవిచెట్లను తినివేయు పురుగును చంపుటకు విమానములనుండి ఎకరమునకు అర పౌను వంతున డి.డి.టి. చల్లినారు. ఆ వసంతమున పుట్టిన చేపపిల్లలలో, ఆగస్టు నాటికి ఒక్కటియు మిగులలేదు. రాళ్లను పట్టుకొని బ్రతుకు కీటకముల లార్వాలును చచ్చుటచే, మిగిలిన చేపలకు ఆహారము కరవైనది.

మందుకు, కీటకమునకు, చేపకు గల సంబంధమును సామాన్యునికి అర్థమగునట్లు చెప్పుటలో కార్సన్‌కు సాటి అరుదు. కాని నష్టమును ఆమె అంత నిశ్చయముగా ఎట్లు చెప్పగలిగినది? కెనడా మత్స్య పరిశోధన మండలి 1950 నుండియు ఆ నదిలో ఏటేట చేపలను లెక్కించుచుండెను. ఆ లెక్క లేకున్న, చచ్చిన చేపలు కనబడెడివే గాని, ఎంత పోయినదో తెలిసెడిది కాదు. ఈ సంగతిని రచయిత్రి కొలది మాటలతో దాటిపోవుట అధ్యాయమునకు లోపము. వాగును కాపాడదలచిన పాఠకునికి అసలు పాఠము ఇదే.

చింతపల్లి కొండవాగులలో సాల్మన్ లేదు. అయినను రాళ్ల క్రింద మేఫ్లై, కాడిస్‌ఫ్లై వంటి కీటకముల లార్వాలను ఇచ్చటను వెదకవచ్చును. చేపల వృద్ధికి తగిన నీటికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మూడు కొలతలు పెట్టినది: పి.హెచ్. 6.5 – 8.5, కరిగిన ఆక్సిజన్ లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గరాదు, అమ్మోనియా 1.2 మిల్లీగ్రాములకు మించరాదు. ఇవి అవసరమే కాని చాలవు. సీసాలోని నీరు ఆ గడియ సంగతినే చెప్పును. చెట్లు కొట్టిన వాలుపై ఒక్క పెద్దవాన కురిసిన చాలు, మట్టి దిగి రాళ్ల సందులు పూడిపోవును. కొన్ని దినములకు నీరు తేటపడును, ఆక్సిజన్ సరిపోవును. అడుగున మాత్రము లార్వాలకు చోటుండదు, చేప గ్రుడ్లకు గాలి యాడదు. నెలల తరబడి అచ్చటనే బ్రతుకు లార్వాయే ఇందుకు సాక్షి.

ఈ సాక్ష్యము సేకరించుటకు ప్రయోగశాల అక్కరలేదు. వరద లేని దినములలో, ఏటేట అదే నెలలో, అదే చోట పది రాళ్లు ఎత్తి, ఎన్ని రకముల ప్రాణులున్నవో వ్రాసికొని, వానిని మరల నీటిలో విడువవలెను. వరద తరువాత సంఖ్య తగ్గుట సహజము. కనుక ఎగువన చెడని చోటును గూడ లెక్కించి పోల్చవలెను. ఉన్నత పాఠశాల విద్యార్థులు చేయదగిన పని ఇది.

వాగు బాగుగ ఉన్ననాడే లెక్క మొదలుకావలెను. చెడిన పిమ్మట మొదలుపెట్టినది శవపంచాయితీ మాత్రమే.